పాత జీపునకు డీజిలు ఇంజను: లాభమెంత, చిక్కులెన్ని?

గడచిన రెండు మాసములలో మన సంఘ కార్యాలయమునకు మూడు ఋణ దరఖాస్తులు ఒకే పని కొఱకు వచ్చినవి. ముగ్గురు సభ్యులకును పాత పెట్రోలు జీపులు కలవు. ముగ్గురును దానిలోని ఇంజనును దింపించి, డీజిలు ఇంజనును ఎక్కింపవలెనని కోరుచున్నారు. ఒకరికి వారి బావగారు చెప్పిరట. ఒకరికి పట్టణములోని షెడ్డువారు చెప్పిరట. మూడవవారు మాత్రము ఎవరి మాటయు ఎత్తక, ఒక సంవత్సరపు పెట్రోలు రసీదులను దారమునకు గ్రుచ్చి తెచ్చి మా బల్లపై నుంచిరి. ఆ కట్టను చూచిన పిమ్మట ఈ విషయమును గుఱించి కొంత విపులముగా వ్రాయుట మా విధి యని తోచినది. ఇది ఒక్కరి సొమ్ము కాదు, సంఘము సొమ్ము. అంతకు మించి, ఆ బండిలో కూర్చుండి సంతకు పోవువారి ప్రాణముల సంగతి.

జీపు మన పల్లెలకు క్రొత్త బండి కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో విల్లీస్, ఫోర్డు కర్మాగారములు ఆఱు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. యుద్ధము 1945లో ముగిసిన తరువాత మిగులుబండ్లు పెక్కు దేశములలో అమ్ముడుపోయినవి. మన దేశమున 1940ల చివర మహీంద్రావారు విడిభాగములను తెప్పించి కూర్చుటతో మొదలిడి, క్రమముగా ఇచ్చటనే జీపులను నిర్మించిరి. మన్యములోని ఘాటు బాటలలోను, రాయలసీమ రాళ్ళ దారులలోను, వానకాలమున రేగడి బురదలోను నాలుగు చక్రములును లాగు ఈ బండికి సాటి వచ్చునది చాలకాలము లేకుండెను. తండ్రి నడిపిన జీపును కొడుకు నడుపుచున్న యిండ్లు ఇప్పటికిని కలవు. అట్టి బండిని పాత ఇనుమునకు అమ్ముటకు చేయి రాకుండుటలో వింత లేదు.

అయితే ఈ బండి పెట్రోలును మిక్కిలి త్రాగును. మన జీపులలో ఎక్కువగా కనబడు పెట్రోలు ఇంజను హరికేన్ అను పేరుగలది. నాలుగు సిలిండర్లు, సుమారు 2,200 ఘన సెంటీమీటర్ల పరిమాణము కలది. ఇంధనపు గాలిని ఇది సుమారు ఏడు వంతులుగా మాత్రమే అదుమును. అనగా ఏడు గిన్నెల గాలిని ఒక గిన్నెలోనికి కుదించుటయే. ఆ కాలపు నాసి పెట్రోలునకు అంతకంటె అదుమిన ఇంజను లోపల టకటక కొట్టుకొనెడిది. తక్కువగా అదుమబడిన ఇంధనము తక్కువ పని చేయును. తక్కిన వేడి పొగగొట్టము వెంట పోవును. దీనికి తోడు బండి ముందుభాగము గోడవలె నిటారుగా నుండును. గేర్ల పండ్లు వేగమునకు గాక లాగుటకు ఏర్పరుపబడినవి. ఇన్ని కూడిన పిమ్మట రసీదులు దండగా మాఱుటలో ఆశ్చర్యమేమి?

డీజిలు ఇంజను తీరు వేఱు. జర్మనీ దేశీయుడైన రుడాల్ఫ్ డీజిలు 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున దీనిని నడిపి చూపెను. ఇందు సిలిండరులోనికి మొదట గాలి మాత్రమే పోవును. దానిని ఇరువది వంతుల వఱకు అదిమినచో అది అయిదు వందల డిగ్రీలకు పైగా కాగును. సైకిలు పంపు కొట్టునపుడు దాని అడుగు వెచ్చనగుట మనకందఱకును తెలిసినదే గదా. ఇదియు అట్టిదే, కాని మిక్కిలి తీవ్రముగా. ఆ కాగిన గాలిలోనికి నాజిలు డీజిలును సన్నని తుంపరగా చిమ్మగానే అది తనంతట మండును. నిప్పురవ్వ అక్కఱ లేదు, ప్లగ్గు లేదు, కార్బ్యురేటరు లేదు. ఎక్కువగా అదిమిన కారణముననే తక్కువ ఇంధనముతో ఎక్కువ పని దొరకును. పైగా లీటరు డీజిలులో లీటరు పెట్రోలుకంటె పదవ వంతునకు పైగా అధికశక్తి కలదు.

ఒక సభ్యుడు మమ్ము నడిగిరి: “అయ్యా, ఇంజనంతయు మార్చనేల? పై మూత మార్చి నాజిళ్ళు బిగించిన చాలదా?” చాలదు. ఏడు వంతుల అదుమునకు పోతపోసిన దిమ్మయు, క్రాంకు కడ్డీయు, బేరింగులును ఇరువది వంతుల అదుమును ఓర్వలేవు. మార్చినచో ఇంజను మొత్తమును మార్చవలసినదే.

ఇట్లు మార్చుట వెఱ్ఱి యాలోచన యని మేము చెప్పము. 1948లో పెట్రోలు ఇంజనుతో పుట్టిన ఇంగ్లండులోని లాండ్ రోవరునకు 1957లో కర్మాగారమువారే డీజిలు ఇంజనును ఇచ్చిరి. అమెరికాలో 1961 నుండి జీపును పెర్కిన్స్ డీజిలు ఇంజనుతో కూడ అమ్మిరి. మన దేశమున 1970ల దశాబ్దమునుండి కర్మాగారమునందే డీజిలు ఇంజను అమర్చిన జీపులు వచ్చినవి. వానిలో ఒక ఇంజను మన రైతులకు చుట్టమే: ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టరు ఇంజను వంశమునకు చెందినది, సుమారు 2,350 ఘన సెంటీమీటర్లది. దాని శబ్దము వినిన రైతు కన్నులు మూసికొనియు దుక్కి జ్ఞప్తికి తెచ్చుకొనును. తరువాత వచ్చినది ఫ్రాన్సు దేశపు ప్యూజోవారి రూపకల్పన. 2,112 ఘన సెంటీమీటర్లది, వేగముగా తిరుగునది. షెడ్డులలో పాత పెట్రోలు జీపునకు ఎక్కించు ఇంజనులు చాలవఱకు ఇట్టి డీజిలు జీపులనుండి దింపినవే.

ఇంజనును ఎన్నుకొనుటలో చాలమంది చూడని సంగతి తిరుగుడు వేగము. పెట్రోలు ఇంజను నిమిషమునకు నాలుగువేల చుట్లు తిరుగగలదు. ట్రాక్టరు వంశపు డీజిలు అంత తిరుగలేదు, తిరుగనిచ్చినచో చెడును. ఒక లెక్క చూడుడు. పాత జీపు ఇరుసులో పండ్ల నిష్పత్తి సాధారణముగా 5.38, చక్రము ఒక్కసారి తిరిగినచో బండి సుమారు రెండుంబావు మీటర్లు సాగును. ఇంజను నిమిషమునకు 4,000 చుట్లు తిరిగినచో పై గేరులో గంటకు సుమారు 100 కిలోమీటర్లు వచ్చును. 2,500 చుట్లకే పరిమితమైన ఇంజను అయినచో 63 కిలోమీటర్లతో సరి. పొలమునకు, కొండబాటకు, మార్కెట్టు యార్డునకు ఇది చాలును. రాజమార్గముపై దీనినే తొక్కి పట్టి లారీలతో పందెము వేయువారికి మాత్రము ఇంజను ఆయుస్సు చాలదు. ఇరుసులోని పండ్లను మార్చి 4.88 నిష్పత్తి పెట్టుకొనవచ్చును. అప్పుడు అదే ఇంజనుతో 69 కిలోమీటర్లు వచ్చును. కాని ముందు ఇరుసును, వెనుక ఇరుసును రెంటిని ఒకే తీరున మార్చవలెను. ఒక్క వెనుకదానిని మార్చి నాలుగు చక్రముల గేరు వేసినచో రెండు ఇరుసులును ఒకదానితో నొకటి పెనుగులాడి పండ్లు విఱుగును.

ఇక బిగింపు పని. ఇంజనునకును గేరుబాక్సునకును నడుమ నుండు హౌసింగు క్రొత్త ఇంజనునకు సరిపడదు. కావున నడుమ ఒక ఇనుప పలకను తోపడము పట్టించి వేయుదురు. ఈ పలక మధ్యరంధ్రము ఇంజను కడ్డీకి వెంట్రుకవాసి తేడా లేకుండ నెదురుగా నుండవలెను. తేడా యున్నచో మొదటి దినమున ఏమియు తెలియదు. రెండు మూడు మాసములకు క్లచ్చు అదరును, గేరు జాఱును, ఫ్లైవీలు నడిమి బేరింగు పొడియగును. పలకను లేతు మిషనుపై కొలిచి చేయించినవాడును, గ్యాసుతో కోసి రంధ్రములు పొడిచినవాడును ఇంచుమించు ఒకే ధర చెప్పుదురు. దగ్గఱ నిలిచి చూచుకొనవలసిన పని యిది.

డీజిలు ఇంజను బరువెక్కువ, అదురెక్కువ. దానిని మోయు దిమ్మలకు మంచి రబ్బరు పరుపు లుండవలెను. ఛాసీకి నేరుగా వెల్డింగు చేసిన దిమ్మలు ఏడాదిలో ఛాసీనే చీల్చును. ముందు కమాను కట్టకు ఒక రేకు చేర్చవలసి వచ్చును. ఏలయనగా జీపు ముందు ఇరుసు సరిగా ఇంజను క్రిందనే యున్నది. బండి గట్టు దిగి గుంటలో పడినపుడు కమాను అణగి ఇరుసు పైకి లేచును. అచ్చట ఇంజను నూనె గిన్నె అడుగు వ్రేలాడుచున్నచో తగులక తప్పదు.

ఇది మేము పుస్తకమున చదివి చెప్పుట లేదు. కొన్ని యేండ్ల క్రిందట మన సంఘమువారే ఎరువుల బస్తాల పనికై ఒక జీపును వేలములో కొనిరి. అప్పటికే దానికి ఎవరో డీజిలు ఇంజను ఎక్కించియుండిరి. చవకగా వచ్చినదని సంతోషించితిమి. మూడవ మాసమున కాలువగట్టు దిగుచుండగా ఇరుసు తగిలి నూనె గిన్నె పగిలినది. డ్రైవరు చూచుకొనక మఱి రెండు మైళ్ళు నడిపెను. క్రాంకు బేరింగులన్నియు పోయినవి. బాగుచేయింపబోవుచు రిజిస్ట్రేషను పత్రమును తీసి చూచితిమి. అందు ఇంధనము పెట్రోలనియే యుండెను. ఇంజను నంబరును వేఱు. అనగా కాగితముపై ఆ బండియే లేదు. రిజిస్ట్రేషను పునరుద్ధరణకు పోయిన తిప్పి పంపిరి. బీమావారికి విషయము తెలిపిన వారును తలయూపలేదు. తుదకు పాత ఇనుము క్రింద అమ్మవలసి వచ్చినది. వేలమునాడు ఆ పత్రమును అయిదు నిమిషములు చదివియుండినచో సంఘమునకు ఆ నష్టము రాకపోవును. తప్పు మాదే.

పాత పెట్రోలు ట్యాంకును డీజిలునకు వాడుకొనవచ్చును గాని లోపల తుప్పంతయు పోవునట్లు కడిగింపవలెను; నాజిళ్ళనుండి మిగిలి వచ్చు డీజిలు ట్యాంకునకు మరలుటకు ఒక గొట్టము చేర్చవలెను. ఈ గొట్టమునకై ట్యాంకుపై వెల్డింగు చేయుదురు. ఇచ్చటనే పెద్ద అపాయమున్నది. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము. పెట్రోలు పోయినను దాని ఆవిరి లోపల నిలిచియుండును. నిప్పు తగిలినచో బాంబువలె ప్రేలును. గొట్టము అమర్చిన క్రొత్త ట్యాంకును వేసికొనుట మేలు. జీపులో ట్యాంకు డ్రైవరు ఆసనము క్రిందనే యుండునని మఱవకుడు.

యుద్ధకాలపు జీపులకును, తొలినాటి జీపులకును ఆఱు వోల్టుల కరెంటు మాత్రమే యుండెను. ఇరువది వంతుల అదుమును త్రిప్పుటకు అది చాలదు. పండ్రెండు వోల్టుల పెద్ద బ్యాటరీ, సెల్ఫు, డైనమో, దీపములు అన్నియు మార్చవలెను. షెడ్డువారు మొదట చెప్పు ధరలో ఇవి యుండవు. రేడియేటరును అట్లే. తాళముచెవి త్రిప్పినంత మాత్రమున ఈ ఇంజను ఆగదు. పంపునకు డీజిలు పోకుండ మూయు లాగుడు తీగ యుండవలెను. అరిగిన డీజిలు ఇంజను ఒక్కొకప్పుడు తన నూనెనే పీల్చి, తీగ లాగినను ఆగక పరుగెత్తును. అప్పుడు బ్రేకు త్రొక్కి పై గేరులో క్లచ్చు వదలి ఆపవలెను. లేదా గాలి పీల్చు గొట్టమును చెక్కతో మూయవలెను. చేయి మాత్రము పెట్టరాదు.

బ్రేకులను గుఱించి ఒక మాట. పెట్రోలు ఇంజనునకు గాలి మూత యుండుటచే, కాలు తీయగానే ఇంజనే బండిని కొంత పట్టి నిలుపును. డీజిలు ఇంజనులో అట్టి మూత లేదు కావున ఘాటు దిగునపుడు ఆ పట్టు తగ్గును. తొలినాటి జీపులకు తొమ్మిది అంగుళముల డ్రమ్ము బ్రేకులు, నాలుగు చక్రములకును ఒకే గొట్టపు దారి. ఒక్కచోట కారినచో నాలుగును పోవును. బరువైన ఇంజను, పదిమంది జనము, పైన కూరగాయల బుట్టలు, క్రింద ఈ బ్రేకులు! ఇంజను కొఱకు లక్షలు వెచ్చించి బ్రేకు పనికి బేరమాడువారిని చూచినపుడు మాకు కోపము వచ్చును.

ఇప్పుడు సొమ్ము లెక్క. రసీదుల కట్ట తెచ్చిన సభ్యుని బండినే తీసికొందము. వారు ఏడాదికి 4,200 కిలోమీటర్లు తిరుగుదురు. లీటరునకు ఏడు కిలోమీటర్ల చొప్పున 600 లీటర్ల పెట్రోలు. లెక్కకు లీటరు రూ. 108 అనుకొందము: రూ. 64,800. డీజిలుతో లీటరునకు పదిన్నర కిలోమీటర్లు వచ్చుననుకొన్నచో 400 లీటర్లు, లీటరు రూ. 96 చొప్పున రూ. 38,400. ఏడాదికి మిగులు రూ. 26,400. సంతోషమే. కాని పని మొత్తమునకు లక్షన్నర రూపాయలు కోరుచున్నారు. ఆ సొమ్మును నూటికి పండ్రెండు వడ్డీకి తెచ్చినచో మొదటి ఏటి వడ్డీయే రూ. 18,000. అనగా మిగులులో మూడింట రెండువంతులు వడ్డీకే పోయి, అసలు క్రింద రూ. 8,400 మాత్రమే తీరును. ఏడాదికి పండ్రెండువేల కిలోమీటర్లు తిరుగు బండియైనచో కథ వేఱు. రెండు మూడేండ్లలో అప్పు తీరును.

పూర్వము ఈ లెక్క ఇంతకంటె తేలికగా పొసగెడిది. డీజిలు ధరను ప్రభుత్వము అణచి యుంచుటచే పెట్రోలునకును దానికిని మిక్కిలి తేడా యుండెను. 2010 జూనులో పెట్రోలు ధరపై అదుపు తొలగినది. 2014 అక్టోబరులో డీజిలు ధరపై తొలగినది. అప్పటినుండి రెంటి నడుమ అంతరము తగ్గినది. “మా బావగారు రెండేండ్లలో సొమ్ము రాబట్టిరి” అను సభ్యుని మాట నిజమే కావచ్చును. ఆ బావగారు చేయించినది 2008లో.

చట్టమునకు వత్తము. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని యజమాని మార్చరాదు. ఇంధనము మార్చుటకు ఆమోదము పొందిన కిట్టును షరతులకు లోబడి అమర్చుకొనుటకు అదే సెక్షను వీలు కల్పించినది. కాని షెడ్డులో పాత ఇంజనును తెచ్చి దింపుట అట్టి కిట్టు కాదు. 2019 జనవరి 9న సర్వోన్నత న్యాయస్థానము కూడ, తయారీదారు వివరములను మీఱి చేసిన మార్పు చెల్లదని తీర్పు చెప్పినది. ఆ యేటి సవరణతో చేర్చిన 182ఎ సెక్షను క్రింద అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జుల్మానా గాని, ఆఱు మాసముల వఱకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. జుల్మానా చిన్నదే. దారిలో ప్రమాదము జరిగి, కాగితము బండికి సరిపడలేదని బీమావారు తప్పుకొనినచో, గాయపడినవారికి నష్టపరిహారము ఎవరిచ్చెదరు? పొలమమ్మి ఈయవలసి వచ్చును. షెడ్డువారు “ఆర్.సి. సంగతి మేము చూచుకొందుము” అని చెప్పుట మేము వినియున్నాము. పని ముగిసిన పిమ్మట చూచుకొను సంగతి కాదది. ఇంజను దింపక మునుపే రిజిస్టరు చేయు అధికారికి దరఖాస్తు పెట్టి, వ్రాతమూలకమైన జవాబు పొందవలెను.

కర్మాగారమునుండియే డీజిలుగా వచ్చిన జీపున కైనచో చిక్కు తక్కువ. అరిగిన ఇంజను స్థానమున అదే తరగతి ఇంజనును వేయుటకు అనుమతి కోరవచ్చును. ఇంధనము మాఱదు, ఇంజను నంబరు మాత్రము ఎక్కించుకొనవలెను. క్రొత్తగా పాతజీపును కొనదలచినవారు పత్రమున మొదటినుండి డీజిలని వ్రాసియున్న బండినే వెదకుట మేలని మా అభిప్రాయము.

పెట్రోలు జీపును పెట్రోలుతోనే నడుపదలచినవారు ముందుగా ఒక పని చేయవలెను. 2025 నాటికి మన బంకులలో పెట్రోలునందు ఇరువది శాతము ఇథనాలు కలియుట సర్వసాధారణమైనది. పాత జీపులోని రబ్బరు గొట్టములును, పెట్రోలు పంపు పొరయు, కార్బ్యురేటరు వాషర్లును దీని నోర్చునవి కావు, ఉబ్బి పగులును. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుటచే, దీర్ఘకాలము నిలిపిన బండి ట్యాంకులో తుప్పు పట్టును. ఇథనాలునకు ఓర్చు గొట్టములను వేయించి, కార్బ్యురేటరును కడిగించి, వాల్వులను, ప్లగ్గులను, టైమింగును సరిచూపించి, చక్రముల గాలిని, బ్రేకుల పట్టును పరీక్షించినచో చాల బండ్లు మునుపటికంటె తక్కువ త్రాగును. రసీదులు తెచ్చిన సభ్యుని జీపునకు ముందు చక్రము ఒకటి బ్రేకు పట్టుకొనియే తిరుగుచుండెను. చేతితో తాకిన కాలుచుండెను. అది చూచినపుడు వారు మా వైపు తిరిగి, “ఏడాదినుండి ఇట్లే యున్నదండీ, బండి గుణమనుకొంటిని” అనిరి. వారి దరఖాస్తును వారే వెనుకకు తీసికొనిరి.

తక్కిన ఇద్దఱి దరఖాస్తులు ఋణసంఘము ముందున్నవి. అట్టి దరఖాస్తు పెట్టువారు రిజిస్ట్రేషను పత్రపు నకలును, రిజిస్టరు చేయు అధికారి వ్రాతమూలక సమాధానమును, ఎక్కింపదలచిన ఇంజను కొనుగోలు రసీదును, షెడ్డువారు బ్యాటరీ, రేడియేటరు, బ్రేకులతో సహా వ్రాసియిచ్చిన అంచనాను, గత పండ్రెండు మాసముల ఇంధన రసీదులను జతచేయవలెను. బీమా పత్రమును కార్యాలయమున చూపి వెనుకకు తీసికొనిపోవచ్చును.